ఎర్ర దారం కట్టిన చోటు

మొన్న శనివారం మా ఫ్లాట్‌లో చెప్పుల స్టాండు పక్కకు జరిపి, అక్కడే నేల మీద కూలబడ్డాను. పార్టిషన్లు విప్పడానికి వచ్చిన పనివాళ్లు నాకేదో అయిందనుకుని నీళ్ల సీసా అందించారు. అయింది నిజమే గానీ వాళ్లకేమని చెప్పను? పడకగది తలుపు చట్రానికి, నేలకు కాస్త పైన, జానెడు ఎర్ర దారం టేపుతో అంటించి ఉంది. ఇన్నేళ్లూ దాని ముందు రోజూ చెప్పులు విడిచాను, తొడుక్కున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు.

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మాది ఒక పడకగది ఫ్లాటు. హాలును ప్లైవుడ్ చెక్కలతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కలో నేను, ఇంకో ముక్కలో జగిత్యాల మల్లేశం ఉండేవాళ్లం. ఆ చెక్కలు పైకప్పు దాకా ఉండవు. పైన మూరెడు ఖాళీ ఉంటుంది కాబట్టి ఒకరి గురక ఇంకొకరికి ఉచితం. పడకగదిలో మేమంతా సార్ అని పిలిచే పెద్దాయన, కడప ఖాదర్. హాలుకూ పడకగదికీ మధ్య చిన్న నడవ, ఆ నడవలోనే బాత్రూం. ఇప్పుడు పార్టిషన్లు పెట్టుకోకూడదని నోటీసు వచ్చింది, అందుకే ఈ విప్పడాలూ మోయడాలూ.

దారం సార్‌దే. కనపడిన చోటల్లా దారాలు అంటించే జబ్బు ఇంకో మనిషికి ఉందని నేను వినలేదు. సార్ 2020 వేసవిలో కరోనాతో పోయాడు. పోయాడన్న సంగతి అప్పటినుంచీ నాకు తెలుసు. ఎలా పోయాడో మొన్న శనివారం దాకా తెలియదు.

సార్ పొట్టి మనిషి, కాకినాడ వైపు ఆయన. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉండే చోట ఆయనకు తెల్లదారం ఉండ ఒకటి, ఎర్రదారం ఉండ ఒకటి ఉండేవి. షార్జాలో విమానాల మెకానిక్కులకు పాఠాలు చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు జర్మనీలో గోటింగెన్ అనే ఊరికి వెళ్లి గాలి మీద చదువు చదివి వచ్చాడు. అంత చదివిన మనిషి, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలొచ్చిన మాలాంటి బ్యాచిలర్ల మధ్య ఎందుకుంటున్నాడని అడిగితే, "ఇక్కడ గాలి బాగా ఆడుతుందయ్యా" అనేవాడు. మా వంటింటి వాసన ఎరిగిన ఎవరూ ఆ మాట నమ్మరు.

ఎక్కడికి వెళ్లినా ముందు గాలి చూసేవాడు. హోటల్లో కూర్చునే ముందు ఏసీ కింద దారం పట్టుకుని నిలబడేవాడు. సర్వరు మెనూ పట్టుకుని వెనక నిలబడేవాడు. మెట్రోలో రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫారం తలుపుల సందులో దారం పెట్టి, అది వణకడం మొదలవగానే "వచ్చేస్తోంది" అని మాకు చెప్పేవాడు. రైలు వస్తున్నట్టు పైన బోర్డు మీద రాసే ఉంటుంది కద సార్ అంటే, బోర్డు వైపు అసహ్యంగా చూసేవాడు. బర్ దుబాయ్ బట్టల బజారులో ఆయనకు ఒక సింధీ కొట్లో ఖాతా. చీరలు కొనే ఆడవాళ్ల మధ్య నిలబడి దారాన్ని ఊది ఊది, ఎక్కువ తేలేది ఏరి తెచ్చుకునేవాడు.

"గాలి కనపడదు. కనపడని దాని గురించి ఎవడేం చెప్పినా చెల్లిపోద్ది" అనేవాడు. "అందుకే నా మాట కూడా నమ్మకు. దారం కట్టి చూడు."

ఈ మాట రోజుకోసారైనా వినేవాళ్లం. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, "దారం కట్టి చూసినవా సార్?" అని మల్లేశం ఎగతాళి చేసేవాడు.

తెల్లదారం మామూలు చోటుకు. గాలి తేడా చేసే చోటుకు, అంటే రెక్క పట్టు తప్పే చోటుకో, మనిషికి హాని ఉన్న చోటుకో ఎర్రదారం. తన చదువుకునే రోజుల అలవాటు అది. ఎర్రదారం మాత్రం ఊరికే వాడేవాడు కాదు. ఒకసారి మా గ్యాస్ స్టవ్ పక్కన ఎర్రదారం కనిపిస్తే, ఆ రోజే పైపు మార్చుకున్నాం.

ఖాదర్ ఒక కంపెనీకి డెలివరీ వ్యాన్ నడిపేవాడు. సార్ ఒక సెలవునాడు ఆ వ్యాన్ ఒళ్లంతా దారాలు అంటించాడు. దాని వెనక గాలి సుడి తిరిగి డీజిలు తింటోందని ఆయన అనుమానం. మర్నాడు ఖాదర్ వాటిని పీకకుండానే డ్యూటీకి వెళ్లాడు. కంపెనీ ముదీర్ ఈజిప్టు ఆయన, మేనేజర్ అన్నమాట. తెల్లదారాలూ వాటి మధ్య ఎర్రదారాలూ చూసి అది చేతబడి అనుకున్నాడు. ఈ దేశంలో అది నవ్వులాట కాదు, జైలు వ్యవహారం. ఖాదర్ ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. సార్ ఒక స్టీలు పళ్లెం, టీ పొడి పొట్లం సంచిలో వేసుకుని టాక్సీలో వెళ్లాడు. ముదీర్ బల్ల మీద పళ్లెంలో నీళ్లు పోసి, టీ పొడి చల్లి, చెంచా నిలబెట్టి లాగుతూ జర్మనీ కథ మొదలుపెట్టాడట. మొదట పోలీసుల్ని పిలుస్తానన్న మనిషి కాసేపటికి "ఖలాస్, ఖలాస్, నమ్ముతున్నాను" అని చేతులెత్తేశాడట. ఆ పైన టీ కూడా ఇప్పించాడు. మంచినీళ్లలో టీ పొడి చూశాక ఆ టీ ఆయనకు ఎలా దిగిందో మరి.

ఆ పళ్లెం కథ మాకు కంఠతా వచ్చు. జర్మనీలో ఒక కుర్ర ప్రొఫెసరు ఉండేవాడు. నూరేళ్ల పైమాట. చేత్తో తిప్పే చక్రం ఒకటి చేయించి, తొట్టిలో నీళ్లు గుండ్రంగా తిరిగేలా చేశాడు. నీళ్లలో అభ్రకంలా మెరిసే పొడి కలిపి, మధ్యలో రేకు ముక్కలు నిలబెట్టి, వంగి గంటల తరబడి చూశాడు. రేకును తాకిన నీరు కదలడం లేదని, దానికి అంటుకుని ఉండిపోతోందని ఆయన కంటికి ఆనింది. కాస్త ఎడంగా ఉన్న నీరు మాత్రం పరిగెడుతోంది. ఆ రెంటికీ మధ్య పలచని పొర ఒకటి. గాలికీ అంతే. విమానం రెక్క నిలబడేదీ, పట్టు తప్పేదీ ఆ పొరలోనే.

"గీ టీ పొడి ఆటకు జర్మనీ దాక పోవాల్నా సార్?" అన్నాను ఒకసారి.

"ఆయన ఆ ఆట ఆడకపోతే నువ్వు విమానంలో వచ్చేవాడివి కాదయ్యా. ఓడలో వచ్చేవాడివి, దారంతా కక్కుకుంటూ."

"ఆ పొర ఎంత మందం ఉంటది?"

సార్ నా చేతిలోని పేపరు లాక్కుని ఒక మూల చింపి చూపించాడు. "మన గదుల్లో వీచే గాలికైతే గోడ మీద వేలెడు ఉంటే గొప్ప. రెక్క ముందంచున ఇదిగో, ఈ కాగితమంత. దాని అవతల గాలి ఉరుకుతూనే ఉంటుంది."

వేలెడు. ఆ మాట నాకు గుర్తుండాల్సింది.

ఆయనకు ఆ జర్మన్లంటే ప్రాణం. వాళ్ల సంగతి ఎవరో చుట్టాల సంగతిలా చెప్పేవాడు. కొంగల్ని చూసి రెక్కలు కట్టుకుని, ఊరి పక్క మట్టిదిబ్బ పోయించుకుని దాని మీది నుంచి దూకిన ఒకాయన ఉండేవాడు. గుండ్రంగా తిరిగే కర్రకు రెక్కల నమూనాలు కట్టి లెక్కలు రాశాడు. చివరికి కిందపడి పోయాడు. సముద్రం అవతల తొలి విమానం ఎగరేసిన సైకిళ్ల కొట్టు అన్నదమ్ములు మొదట పట్టుకున్నది ఆయన లెక్కలే. తొట్టి ప్రొఫెసరు ఆ తర్వాత గాలిని ఒక గదిలో పెట్టి, వెళ్లిన గాలే తిరిగి వచ్చేలా గుండ్రపు సొరంగం కట్టించాడు. అది మొదట గాలి ఓడల కోసం కట్టింది. ఇవాళ్టికీ చాలాచోట్ల ఆ పద్ధతే. దుబాయ్‌లో మేం తల వెనక్కి వాల్చి చూసే ఎత్తు భవనాలు, కట్టకముందు బొమ్మలుగా అలాంటి సొరంగాల్లో నిలబడి గాలి దెబ్బ తిని వచ్చినవేనట. నేను అల్యూమినియం కిటికీల కంపెనీలో స్టోర్ కీపర్ని. నా గోడౌనులో ఉన్న అద్దాల మందం కూడా ఆ సొరంగం చెప్పిందేనని ఆయన అన్నప్పుడు, రోజూ తిట్టుకుంటూ లెక్కపెట్టే అద్దాలను కాస్త మర్యాదగా చూశాను.

సాయంత్రం బస్టాపు దగ్గర విమానాలు చూపించేవాడు. "రెక్కలు చూడు, వెనక్కి వాలి ఉన్నాయి. ఎందుకూ? వేగం పెరిగితే నిటారు రెక్క గాలిని కుమ్ముకుంటుంది. ఈ సంగతి ఓ జర్మన్ కుర్రాడు రోమ్ సభలో చెబితే ఎవడూ చెవిన పెట్టలేదు. వాళ్ల దేశంలో మాత్రం తీసుకెళ్లి తాళం వేసి దాచుకున్నారు. యుద్ధం అయ్యాక గెలిచిన వాళ్లు తాళాలు పగలగొట్టి, కాగితాలూ సొరంగాలూ ప్రొఫెసర్లూ ఎవడికి అందినవి వాడు పట్టుకుపోయారు. ఇప్పుడు నీ నెత్తి మీద పోయేదల్లా ఆ తాళం లోంచి వచ్చిందే."

ఒకసారి నాకు మండింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. "గంతా మంచిగనే ఉంది సార్. మరి ఆ యుద్ధంల వాళ్ల విమానాలు ఊళ్లకు ఊళ్లు కాల్చినయి గద. గా రెక్కలు చేసినోళ్లు మంచోళ్లేనా?"

బస్సు వచ్చింది, ఎక్కాం. దిగేముందు సార్ చెప్పాడు, అదీ నా మొహం చూడకుండా.

"గోటింగెన్‌లో ఓ ముసలాయన ఉండేవాడయ్యా. యుద్ధం రోజుల్లో సొరంగంలో పనిచేసినవాడు. నాకు దారం కట్టడం నేర్పింది ఆయనే. నువ్వడిగిందే నేనూ అడిగాను. భూమి కింద ఖైదీల చేత రాకెట్లు చేయించారు, చచ్చేదాకా చేయించారు, మీకు తెలీదా అని. ఆయన ఏవన్నాడంటే, మేం గాలి ఎటు పోతుందో చూశాం, ఆ దారిలో ఎవరున్నారో చూడటం మా పని కాదు అన్నాడు." సీటులోంచి లేచాడు. "ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను. వెళ్లక ఏం చేస్తాను, చదువు ఆయన దగ్గరే ఉంది."

ఆ తర్వాత ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు.

2020లో అన్నీ మూతపడ్డాక ఖాదర్‌కు జ్వరం వచ్చింది. కరోనా అని తేలింది. లక్షణాలు తక్కువే కాబట్టి విడిగా ఒక గదిలో ఉండమన్నారు. విడిగా అంటే ఎక్కడ, ఉన్నదే ఒక్క పడకగది. ఖాదర్‌ను అందులో ఉంచి తలుపు మూశాం. సార్ తన పరుపు చుట్టుకుని బయటికి వచ్చాడు. అప్పట్లో చావంటే మాకు ఎంత భయమో ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది. మల్లేశం ఊళ్లో భార్యకు ఫోన్ చేసి, పిల్లల ఫీజుల సంగతి వీలునామా రాసినట్టు చెబుతున్నాడు. ఖాదర్ బాత్రూంకు వచ్చినప్పుడల్లా మేమిద్దరం బాల్కనీలోకి పారిపోయేవాళ్లం. మాకున్న ప్రశ్న ఒక్కటే. ఖాదర్ ఊపిరి మాలో ఎవరికి తగులుతుంది?

సార్ ఆ రోజంతా దారాలతోనే ఉన్నాడు. మా ప్లైవుడ్ అంచుల మీద, మంచం కోళ్లకు, బాల్కనీ తలుపుకు తెల్లదారాలు కట్టాడు. ముందు పడకగది తలుపు కింద తడి తువ్వాలు కుక్కాడు. కుక్కగానే గాలి తలుపు పైనున్న జాలీలోంచి దారి చూసుకుంది. ప్లైవుడ్ పైనున్న దారాలు మా మంచాల వైపు తిరిగాయి. సార్ గబగబా వెళ్లి తువ్వాలు లాగేశాడు. బాత్రూం తలుపు తెరిచి పెట్టి, లోపలి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాడు. మా వైపు బాల్కనీ తలుపు కాస్త తెరిచాడు. దారాలన్నీ మా మంచాలకు వీపు తిప్పి నడవ వైపు వాలాయి.

"చూశారుగా" అన్నాడు. "మీకు బయటి గాలి వస్తుంది. ఖాదర్ గాలి తలుపు కింద నుంచి బాత్రూంలోకి, అటునుంచి బయటికి. ఫ్యాన్ మాత్రం ఆపొద్దు."

"మరి మీరెక్కడ పంటరు?" అని అడిగాను.

"ఇక్కడ" అని నడవ చూపించాడు. తలుపుకూ బాత్రూంకూ మధ్య, గోడ వార.

మా రూములో వంట, కడుగుడు, సిలిండరు మోయడం, అన్నీ వంతులే. బ్యాచిలర్ రూము నిలబడేదే వంతుల మీద. అందుకని నడవకూ వంతులేద్దామన్నాను. సార్‌కు ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

"వంతులేంటయ్యా? ఇది ఇంట్లోకెల్లా మంచి చోటు. గోడనంటుకున్న గాలి కదలదని ఎన్నిసార్లు చెప్పాను? నేను ఆ పొరలో పడుకుంటాను, నాకేదీ తగలదు. పైగా చల్లగా ఉంటుంది. పెద్దవాణ్ణి, ఆ మాత్రం సుఖం నాకు వదలండి."

జేబులో దారం పెట్టుకుని తిరిగే మనిషి గాలి గురించి అబద్ధం ఆడతాడని మాకెందుకు తోస్తుంది? ముసలాయన మంచి చోటు కొట్టేశాడురా అని మల్లేశం నవ్వాడు. నేనూ నవ్వాను. మర్నాడు సార్ చెప్పుల స్టాండును తెచ్చి తలుపు చట్రం పక్కన పెట్టుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకోవడానికి అన్నాడు.

ఖాదర్ కోలుకున్నాడు. నాకూ మల్లేశానికీ దగ్గు కూడా రాలేదు. సార్‌కు వచ్చింది. అంబులెన్సు వచ్చినప్పుడు ఆయన తన కాళ్ల మీదే నడిచి దిగాడు. లిఫ్టు దగ్గర ఆగి, మాస్కులోంచి నాతో "ఫ్యాన్ ఆపొద్దు" అన్నాడు. అదే ఆఖరు. మాకు చూపించలేదు, చూపించే రోజులు కావవి. కాకినాడలో ఉన్న ఆయన చెల్లెలికి నేనే ఫోన్ చేశాను. ఆవిడ ఏడవలేదు, "అన్నయ్య జాగ్రత్త గల మనిషే, ఎలా వచ్చిందండీ?" అని అడిగింది. సూపర్ మార్కెట్లో అంటుకుని ఉంటుందన్నాను. నేనూ అదే నమ్మాను.

ఇదిగో, మొన్న శనివారం ఆ ఎర్రదారం.

టేపు పసుపుపచ్చగా మారింది గానీ దారం రంగు పోలేదు. స్టాండు చాటున ఉంది కదా, తుడవడాలకూ సున్నాలకూ అందలేదు. చాలాసేపు దాన్నే చూశాను. తర్వాత లేచి పడకగది తలుపు మూశాను. దాని కిటికీ ఎప్పటిలాగే కాస్త తెరిచే ఉంది. బాత్రూం తలుపు తెరిచి ఫ్యాన్ వేశాను. ఇన్నేళ్ల తర్వాత, దారం కట్టి చూడమని ఆయన చెప్పిన పని మొదటిసారి చేశాను.

దారం లేచింది. ఊగలేదు, వణకలేదు. తలుపు కింది నుంచి సూటిగా నడవలోకి, ఆయన దిండు ఉండే చోటుకు చాచుకుని నిలబడింది.

అంటే కట్టి చూశాడు. చూసి, ఇది ఎర్రదారం చోటని తేల్చుకుని, దాని మీద చెప్పుల స్టాండు అడ్డం పెట్టి, వెళ్లి అక్కడ పడుకున్నాడు. వేలెడు పొరలో మనిషి ఎలా పడతాడు? పేపరు చింపి మరీ నాకు చెప్పిన మనిషే కదా. నాకు పట్టలేని కోపం వచ్చింది. వంతులేసుకుందామంటే ఎందుకు వద్దన్నావయ్యా, నిన్నెవరడిగారు అని ఖాళీ నడవను తిట్టాను. పనివాళ్లు సుత్తులు పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు.

అంతలో ఖాదర్ వచ్చాడు. ఇప్పుడు అజ్మాన్‌లో పెళ్లాం బిడ్డలతో ఉంటున్నాడు. మా సామాను వేరే చోటికి చేర్చడానికి వ్యాన్ తెస్తానన్నాడు. వాడి గొంతు వినగానే నేను గబుక్కున ఫ్యాన్ ఆపేశాను. సార్‌కు తగిలింది తన ఊపిరేనని వాడికి తెలియకూడదు. చిన్న పిల్లలున్నవాడు, ఈ బరువు మోసుకుంటూ ఎక్కడ బండి నడుపుతాడు?

"ఏందన్నా, మొగం అట్ల పెట్నావు?"

"ఏం లేదు. సార్ దారం ఒకటి దొరికింది."

ఖాదర్ వంగి చూశాడు. "ఎర్రదే" అన్నాడు మెల్లగా. లేచి, నేను ఆపేలోపే ఫ్యాన్ స్విచ్ వేశాడు. దారం లేచి నిలబడింది. వాడు ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎర్కనా?"

"తెలుసన్నా."

"ఎప్పటి సంది?"

"ఆ జరం దినాల నుంచే. తలుపు కింద సందులో ఆయన పరుపు కనపడింది. నాకూ దారం నేర్పింది ఆయనే గదన్నా, గాలి ఎటు పోతాదో నాకు తెల్దా? సార్, నా గాలి నీ మీదికే వస్తాంది, నేను ఈడ తడిగుడ్డ కుక్కుతా అని అరిసినా."

"ఏమన్నడు?"

ఖాదర్ తలుపు వైపు చూశాడు. లోపల ఇంకా తానే జ్వరంతో పడుకుని ఉన్నట్టు, గొంతు బాగా తగ్గించాడు.

"కుక్కొద్దన్యాడు. కుక్కితే పైనుంచి ఎక్కి పిల్లోళ్ల మీదికి పోతాది అన్యాడు. ఈ మాట వాళ్లకు చెప్పనని ఒట్టేయించుకున్యాడు. 'నువ్వు భయపడకుండా ఊపిరి తీసుకో ఖాదరూ, ఇటే రానీ' అన్యాడు."

పిల్లోళ్లంటే నేనూ మల్లేశమూ. నాకప్పటికి నలభై దాటాయి.

ఒక పనివాడు సుత్తి పట్టుకుని నడవలోకి వచ్చాడు. ఫ్యాన్ చప్పుడు చేస్తోంది. "బంద్ కర్ దూఁ భాయ్?" అని స్విచ్ మీద చెయ్యి వేశాడు.

ఖాదరూ నేనూ ఒక్కసారే వద్దన్నాం.